ఫ్రెష్‌కి ఎదురు మాట ఏది?

భావనపాడు ఒడ్డున ఇప్పుడే పడవలోంచి దించిన చేప ఫ్రెష్ ఫిష్. కానీ ఫ్రెష్‌వాటర్ ఫిష్ కాదు, సముద్రపుది. చెరువులో పట్టిన బొచ్చె ఫ్రెష్‌వాటర్ ఫిష్. ఐసు లేకుండా ఒక పూటంతా ఎండలో ఉందంటే మాత్రం ఫ్రెష్ ఫిష్ కాదు. మాట ఒక్కటే, దాని ఎదురు మాటలే వేరు.

చేపల దగ్గరే మూడు తేలుతాయి. కొనేవాళ్లు మొప్ప ఎత్తి చూస్తారు: ఎర్రగా ఉంటే ఫ్రెష్, రంగు మారి కంపు కొడితే పాడైంది. ఇంకొకరికి ఎదురు ఐసు చేప. ఎండుచేపల బుట్ట దగ్గరైతే పచ్చిచేపకి ఎదురు ఎండుచేప. అది పాడైంది కాదు, పాడవకూడదనే ఉప్పేసి ఎండబెట్టింది.

ఆ ఉప్పుకి పేరున్న ఊరు పక్కనే ఉంది, నౌపడ. అక్కడి మడుల గట్టు మీద నిలబడి ‘ఫ్రెష్ వాటర్’కి ఎదురు ‘స్టేల్ వాటర్’ అంటే నవ్విపోతారు. మంచినీళ్లకి ఎదురు ఉప్పునీళ్లు, సాల్ట్ వాటర్. బిందెలో వారం రోజులు నిలవున్నా మంచినీళ్లు ఉప్పునీళ్లు కావు కదా.

పైగా ఈ రెంటి మధ్య ఒక్క గీత లేదు, మెట్లున్నాయి. లీటరు సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల లవణాలుంటాయి. ఆ నీటిని మడి నుంచి మడికి మళ్లిస్తూ ఎండకి వదిలితే చిక్కబడుతుంది. చిక్కదనం కొలిచే బామే లెక్కలో సుమారు 25 డిగ్రీలకి వచ్చాక ఉప్పు గట్టిపడి అడుగున చేరుతుంది. 30 దాకా పోనిస్తే మెగ్నీషియం లవణాలు కలిసి ఉప్పు చేదెక్కుతుంది, అందుకే మిగిలిన నీటిని ముందే బయటికి తోలేస్తారు. ఉప్పు తీసే వేళకి గట్టి వాన పడిందా, పైనుంచి వచ్చింది అచ్చమైన ఫ్రెష్ వాటరే గానీ పని మళ్లీ మొదటికొస్తుంది. దాన్ని మంచినీరు అనమంటే ఉప్పు పండించేవాళ్లు ఒప్పుకుంటారా!

ఇదేదో ఇంగ్లీషుకే ఉన్న వింత అనుకోనక్కర్లేదు. మన ‘పచ్చి’ని చూడండి. ఉద్దానంలో పచ్చికొబ్బరికి ఎదురు ఎండుకొబ్బరి. పచ్చికాయకి ఎదురు పండు. పలాస జీడిపప్పుకి వచ్చేసరికి పచ్చిపప్పు, వేయించిన పప్పు. ఎవరూ తికమకపడరు, ఎందుకంటే ‘పచ్చి’ ఒంటరిగా రాదు, పక్కన కొబ్బరో కాయో ఉంటుంది.

ఫ్రెష్ కూడా అంతే. స్కాలర్‌షిప్ దరఖాస్తులో దాని ఎదురు రెన్యువల్. ఉద్యోగ ప్రకటనలో ఫ్రెషర్‌కి ఎదురు అనుభవమున్నవాళ్లు, కాలేజీలో సీనియర్లు.

ప్రశ్నపత్రాల్లో మాత్రం ‘ఫ్రెష్’ అని ఒక్క ముక్క ఇచ్చి ఎదురుగా ఖాళీ పెడతారు. జవాబుల పట్టీలో ‘స్టేల్’ ఒక్కటే ఉంటుంది. రొట్టె పక్కన పెట్టి అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. ఏ మాటా పక్కన లేకుండా అడిగినప్పుడు, ‘సాల్ట్’ అని రాసిన నౌపడ పిల్లకి మార్కు ఇవ్వాల్సిందే.