పసుపు స్టిక్కర్ వేళ

ఇంగ్లాండ్‌లోని లీసెస్టర్‌లో చదువుకునే రోజుల్లో సాయంత్రాలు ఒక సూపర్ మార్కెట్‌లో పనిచేశాను. ఏడింటికి లేబుల్ మెషీన్ పట్టుకుని పాల అరల దగ్గరికి వెళ్లేసరికి నలుగురైదుగురు చేరేవాళ్లు. పెరుగు డబ్బాలు చూస్తున్నట్టు నటించేవాళ్లు గానీ, కళ్లన్నీ గడువు దగ్గరపడ్డ సరుకు ధర తగ్గించే నా పసుపు స్టిక్కర్ల మీదే. నాలుగు పౌండ్ల చికెన్ ముందు మూడుకు దిగేది, మూసే వేళకు ఒక్క పౌండుకి. ఓ గుజరాతీ పెద్దావిడ అయితే బ్రెడ్డు ప్యాకెట్టును అర వెనక్కి తోసి, "ఇంకో గంటకి మళ్లీ తగ్గిస్తావుగా బేటా" అని అక్కడే తచ్చాడేది.

అక్కడ తిండి సరుకుల మీద వేసే గడువు తారీఖులు రెండు రకాలు. ‘యూజ్ బై’ ఆరోగ్యానికి సంబంధించింది. అది దాటిన మాంసం, చేప అమ్మడం నేరం. ‘బెస్ట్ బిఫోర్’ రుచికి సంబంధించింది. దాటితే బిస్కెట్టు కాస్త మెత్తబడుతుందేమో, అమ్మడానికి మాత్రం చట్టం అడ్డురాదు. ఈ తేడా తెలియక జనం మంచి తిండి పారేస్తున్నారనే 2022లో వెయిట్‌రోజ్, మార్క్స్ అండ్ స్పెన్సర్ అనే సూపర్ మార్కెట్లు చాలా పండ్లు, కూరగాయల మీద ఆ తారీఖే తీసేశాయి. మా అమ్మ వంకాయను నొక్కి చూసి కొంటుంది, దానికి తారీఖెందుకు చెప్పండి!

ఇలా తిండి పారేయడాన్ని ఆపడానికి ఫ్రాన్స్ 2016లోనే చట్టం చేసింది. తినదగ్గ సరుకును దుకాణాలు కావాలని పాడుచేయకూడదు. 400 చదరపు మీటర్లు దాటిన దుకాణాలు మిగిలినదాన్ని ఇచ్చేందుకు సేవాసంస్థలతో ఒప్పందం చేసుకోవాలి.

మా దుకాణంలో మాత్రం రాత్రి పదికి మిగిలిన శాండ్‌విచ్‌లను స్కాన్ చేసి నల్ల సంచిలో వేయాలి. పనివాళ్లు ముట్టకూడదు. ఒకరోజు లెక్కపెట్టాను, ఇరవై ఏడు. ఆకలితో గదికెళ్లి నూడుల్స్ ఉడికించుకున్నాను.