ఒంటిచుక్క

జనవరి ఒకటో తేదీ, చీకటి వీడకముందే ఒంగోలులో కొందరు కొండదారి పడతారు. పాత ఏడాది చివరి రాత్రి ఆరాధన ముగించుకుని, నిద్ర తీరని కళ్లతో, చలికి చెవుల మీదుగా తువ్వాళ్లు చుట్టుకుని బయల్దేరతారు. వాళ్లెక్కేది ప్రార్థన కొండ. కొండ అనడమే గానీ పెద్ద ఎత్తేం కాదు. మోకాళ్ల నొప్పులున్న ముసలమ్మలు కూడా మనవళ్ల భుజం ఆసరాగా ఎక్కేయగలరు. పైన తూర్పు తెల్లారేదాకా ప్రార్థన, పాట.

1854లో ఇదే తేదీన ఈ కొండ మీద ఐదుగురున్నారు. లైమన్ జూవెట్ అనే అమెరికన్ మిషనరీ, ఆయన భార్య యుఫీమియా, నరసు అనే తెలుగు క్రైస్తవుడు, జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు స్త్రీలు. నెల్లూరు నుంచి వచ్చి ఒంగోలు వీధుల్లో సువార్త చెబితే ఊరు వినలేదు, వెక్కిరించింది. తెల్లవారుజామున కొండెక్కి, ఈ ఊరికి ఒక మనిషిని పంపమని దేవుణ్ణి అడిగారు. ఆ మనిషి వచ్చి ఒంగోలులో కాపురం పెట్టడానికి పన్నెండేళ్లు పట్టింది.

తెలుగు బాప్టిస్టు కుటుంబంలో పుట్టినవాళ్లకు ఈ కథ ఉగ్గుపాలతో వస్తుంది. ప్రసంగాల్లో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ప్రతిసారీ అది పరుగున, వేలమంది బాప్తిస్మం తీసుకున్న 1878కి చేరిపోతుంది. చూశారా, ఓపిక పట్టారు, ఫలితం దక్కింది అంటారు. నాకు ఆ పరుగు నచ్చదు. కొండ మీది ఐదుగురికి 1878 సంగతి తెలియదు కదా. చివరి పేజీ చదివేసినవాడికి ఓపిక పట్టడం ఏం కష్టం? నిలబడటం అంటే ఏమిటో తెలియాలంటే లెక్కల పుస్తకంలో ఏమీ రాసుకోవడానికి లేని ఏళ్ల దగ్గర కాసేపు ఆగాలి.

జూవెట్ కంటే ముందు వచ్చిన మిషనరీ శామ్యూల్ డే తెలుగు నేల మీద కాలు పెట్టింది 1836లో. 1840లో నెల్లూరు చేరాడు. ఎండల్లో తిరిగి, ఆరోగ్యం చెడి, 1846కల్లా ఓడెక్కి అమెరికా వెళ్లిపోయాడు. తర్వాత మూడేళ్లు నెల్లూరులో మిషనరీ అన్నవాడే లేడు. డే మళ్లీ 1849లో జూవెట్ దంపతులను వెంటబెట్టుకుని వచ్చాడు. 1853లో మళ్లీ ఆరోగ్యం దెబ్బతిని, ఈసారి తిరిగి రాకుండా వెళ్లిపోయాడు. పదిహేడేళ్ల కష్టానికి చేతి వేళ్ల మీద లెక్కపెట్టదగిన సంఘం.

అక్కడ అమెరికాలో డబ్బు పంపేవాళ్లకు అనుమానం రావడం సహజం. అదే బర్మాలో వేలమంది విశ్వాసులవుతున్నారు. ఈ నెల్లూరు మూసేసి, ఉన్న మనుషుల్ని బర్మాకు పంపితే మంచిది కాదా? ఈ ప్రశ్న 1848లో ఒకసారి, 1853లో ఒకసారి, 1862లో ఒకసారి, మొత్తం మూడుసార్లు చర్చకొచ్చింది. 1853 సభల్లో పటం మీద మిషన్ కేంద్రాలను చుక్కలతో గుర్తించి చూపించారు. బర్మా వైపు చుక్కలే చుక్కలు, తెలుగు దేశంలో ఒక్కటే. శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అనే కవి ఆ ఒంటిచుక్క మీద పద్యం రాశాడు. అది చదివాక మూసేద్దాం అన్నవాళ్లు మెత్తబడ్డారంటారు. పద్యంతో ఒక మిషన్ బతికిందంటే మనలాంటి రాతగాళ్లకు సంతోషమే. కానీ పద్యం ఊపు ఎంతకాలం? తొమ్మిదేళ్లకు మళ్లీ అదే ప్రశ్న లేచింది.

ఈసారి అమెరికా వెళ్లి ఉన్న జూవెట్ మొండికేశాడు. మీరు పంపినా పంపకపోయినా నేను వెళ్తాను, అక్కడే బతికి అక్కడే చస్తానన్నాడు. అలాగైతే నిన్ను పూడ్చిపెట్టడానికైనా వెంట ఒకణ్ణి పంపాలి అన్నాడట మిషన్ కార్యదర్శి. ఆ ఒకడే జాన్ ఎవరెట్ క్లౌ. 1865లో నెల్లూరు వచ్చాడు, మరుసటేడు ఒంగోలుకు మకాం మార్చాడు.

ఇక్కడిదాకా చెప్పింది దొరల ఓపిక. వాళ్లకు అలసట ఉంది, జబ్బులున్నాయి, పిల్లల్ని పోగొట్టుకున్న దుఃఖాలున్నాయి. కాదనను. అయినా ఎక్కి వెళ్లిపోవడానికి వాళ్లకొక ఓడ ఉంది. అసలు పరీక్ష ఓడ లేనివాళ్లది.

ఎర్రగుంట్ల పేరయ్యది తాళ్లకొండపాడు. మాదిగ కులం, తోళ్ల వ్యాపారం. అంతకుముందే రాజయోగ ఉపదేశం పొంది, నలుగురికి బోధించిన మనిషి. దేవుడంటే ఏమిటని వెతుకుతూనే ఉన్నవాడన్నమాట. వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు క్రీస్తు మాట చెవిన పడింది. 1866లో పేరయ్య, భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. 1867 జనవరి 1న ఒంగోలులో సంఘం ఏర్పడితే అందులో ఉన్నది ఎనిమిదిమంది.

మాదిగలు రావడం మొదలయ్యాక ఒక చిక్కొచ్చింది. ఒంగోలులో పై కులాలవాళ్లు కొందరు అప్పటిదాకా క్లౌతో స్నేహంగా ఉంటున్నారు. పిల్లల్ని ఆయన బడికి పంపుతున్నారు, మతం గురించి మాట్లాడుతున్నారు. వీళ్లను చేర్చుకుంటే మేం రాం అని తేల్చి చెప్పారు. పై కులాలు వస్తే కింది కులాలు వెనకే వస్తాయి గానీ, కిందనుంచి మొదలుపెడితే తలుపు మూసుకుపోతుందన్నది ఆనాటి లెక్క. క్లౌ ఒక గదిలో, భార్య హేరియెట్ మరో గదిలో ఎవరికివారు బైబిల్ తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే భాగం కనిపించిందని క్లౌ తర్వాత చెప్పుకున్నాడు. లోకం ఎన్నిక చేయనివాళ్లనే దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే భాగమది. మాదిగలను చేర్చుకున్నారు. బడి ఖాళీ అయింది.

చేరినవాళ్లకు పెట్టిన నియమాలు మూడే. ఆదివారం పనికి వెళ్లొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు.

చదవడానికి చిన్న నియమాలు. ఊళ్లో అవేం చేశాయో ఊహించుకోండి. చెప్పులు కుట్టేదీ, మోటకు తోలుబొక్కెన కట్టేదీ, చచ్చిన గొడ్డును ఈడ్చేదీ, జాతరలో డప్పు కొట్టేదీ మాదిగ. పిలిస్తే ఏ వేళైనా వెట్టికి వెళ్లాల్సిందీ అతడే. ఆ మనిషి ఆదివారం నాడు రానంటున్నాడు. అమ్మవారి కొలుపులో డప్పు పట్టనంటున్నాడు. మోట ఆగితే చేను ఎండుతుంది, డప్పు మోగకపోతే అమ్మవారికి కోపమొస్తుంది. ఊరికి ఇది మతం మార్పిడిలా కనిపించలేదు, పాలేరు తిరగబడ్డట్టు కనిపించింది. కరణం, మునసబు కక్షగట్టారు. కొట్టడాలు, పని మాన్పించడాలు, నీళ్లకు అడ్డుపడటాలు, దొంగ కేసులు అన్నీ జరిగాయి. క్లౌ కోర్టుల దాకా వెళ్లి కొందరిని విడిపించుకొచ్చాడు. కానీ ప్రతి పల్లెలో ప్రతి రాత్రీ దొర ఉండడు కదా.

విశ్వాసం నిలుపుకోవడం అంటే పల్లెలో అర్థం ఇదీ. శనివారం రాత్రి పడుకునేటప్పుడే తెలుసు, రేపు వెళ్లకపోతే సోమవారం గింజలుండవని. ఎంతమంది జారిపోయారో, మళ్లీ వెనక్కొచ్చారో ఎవరూ రాసిపెట్టలేదు. జారి మళ్లీ వచ్చినవాళ్ల మీదే నాకు గౌరవం ఎక్కువ. ఒక్కసారి కూడా తడబడని భక్తుల కథలు విన్నప్పుడల్లా నాకెందుకో నమ్మకం తగ్గుతుంది.

తర్వాత ధాత కరువు. 1876లో మొదలై 1878 దాకా మద్రాసు రాజధానిని పీల్చి పిప్పి చేసింది. లక్షలమంది పోయారు. సర్కారు కరువు పనుల కింద బకింగ్‌హాం కాలువ తవ్వించింది. మిషనరీ కాకముందు సర్వేయరుగా పనిచేసిన క్లౌ మూడున్నర మైళ్ల కాలువ పని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. కలరా, మశూచి మధ్యనే పని సాగింది. మిగతా చోట్ల మేస్త్రీ చెయ్యి తడిపితే గానీ కూలి సరిగా అందని రోజుల్లో ఇక్కడ కూలి అందుతుందన్న మాట పల్లెపల్లెకూ పాకింది. మధ్యాహ్నం తవ్వినవాళ్లు కాస్త కూలబడితే బోధకులూ పక్కన కూర్చునేవాళ్లు. మాటలు నడిచేవి.

ఆ మాటలు విన్నవాళ్లు బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. కడుపు కాలుతున్నప్పుడు అడిగిన మాటను తాను నమ్మనని కాబోలు, దాదాపు పదిహేను నెలలు ఒక్కరికీ ఇవ్వలేదు. గంజి కోసం మతం పుచ్చుకున్నారన్న నింద ఆ రోజుల్లోనూ ఉంది, ఈనాటికీ పోలేదు. ఆ పదిహేను నెలల మాట మాత్రం నిందించేవాళ్లకు గుర్తుండదు. అలాగని ఆకలికీ విశ్వాసానికీ మధ్య గోడ కట్టడం నాకూ ఇష్టం లేదు. జీవితంలో మొదటిసారి కూలి ఎగ్గొట్టకుండా చేతిలో పెట్టిన మనిషి చెప్పే దేవుడి మాట వినాలనిపించడం తప్పా?

కాలువ పని ముగిసింది, కరువు సాయం డబ్బూ అయిపోయింది. 1878 జూన్ చివర్లో క్లౌ తన విశ్వాసులను ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర కలుసుకోవాలని కబురంపాడు. మిగతావాళ్లను రావద్దన్నాడు. వద్దన్నవాళ్లే ఎక్కువమంది వచ్చారు. ఇవ్వడానికి నా దగ్గరేమీ లేదు, వెళ్లిపోండి అన్నాడు. మాకేమీ వద్దు అన్నారు వాళ్లు. కాయలు కాసిన చేతులు చూపించారు. కాలువ తవ్వి బతికాం, మళ్లీ వానలు పడకపోతే చస్తాం, చచ్చేదేదో క్రైస్తవులుగానే చస్తాం అన్నది వాళ్ల మాటల సారాంశం.

జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మం తీసుకున్నారు. క్లౌ నీళ్లలో దిగనే లేదు. అభిషేకం పొందిన ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులేసుకుని ఇచ్చారు. 3వ తేదీన పొద్దున ఆరింటికి మొదలుపెట్టి, మిట్టమధ్యాహ్నం ఎండలో ఆపి, సాయంత్రం దాకా కానిచ్చారు. ఒక్కో పేరు చదవడం, ఒక్కో మనిషిని నీళ్లలోకి దించడం, లేపడం. ఆ ఏడాది ముగిసేసరికి లెక్క 9,606.

లెక్క తేలింది గనక కష్టం తీరిందనుకుంటే పొరపాటు. కరువు పోయింది గానీ కరణం పోలేదు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని విస్తరించారు. క్రైస్తవ దళితులు ఆ జాబితా బయటే ఉండిపోయారు, తెలుగు రాష్ట్రాల్లో బీసీ-సీ కింద. ఉద్యోగమా, బాప్తిస్మమా అని ఇంటర్ చదివే పిల్లవాడు తల్లిదండ్రుల్ని అడిగే ప్రశ్న ఆ ఉత్తర్వులోంచి వచ్చిందే. కాగితం మీద ఒక పేరు, గుడిలో ఒక పేరు పెట్టుకుని బతికేవాళ్లను తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఆదివారం పనికి వెళ్లకపోతే గింజలుండవన్న పాత లెక్కే, రూపం మారిందంతే.

శామ్యూల్ డే 1871లో అమెరికాలో చనిపోయాడు, గుండ్లకమ్మ రేవుకు ఏడేళ్ల ముందు. ఆయన గురించి ప్రసంగాల్లో తక్కువ వింటాం. చెప్పుకోవడానికి అంకె లేదు మరి.

కొండ మీది ఐదుగురిలో ఇద్దరి పేర్లు పూర్తిగా తెలుసు. నరసు, జూలియా, రూతు ఇంటిపేర్లు మనం చెప్పుకునే కథలో లేవు. ఆ 1854 జనవరి ఒకటిన సూర్యుడు పైకొచ్చాక ప్రార్థన ముగించి ఐదుగురూ కొండ దిగారు. కింద ఒంగోలు నిన్నటి ఒంగోలే. వినేవాళ్లు లేరు, ఉండటానికి ఇల్లు లేదు. మూటాముల్లె సర్దుకుని నెల్లూరు దారి పట్టారు.