అకడమిక్ ఇండెక్స్ అంటే ర్యాంకు కాదు

పిల్లలు హైస్కూలుకి వచ్చారంటే చాలు, మన పార్టీల్లో "మీవాడి శాట్ స్కోరెంత? అకడమిక్ ఇండెక్స్ ఎంత?" అని మాటలు మొదలవుతాయి. ఇవాళ ఆ ఇండెక్స్ సంగతి చూద్దాం.

హార్వర్డ్, యేల్ వంటి ఎనిమిది ఐవీ లీగ్ యూనివర్సిటీలు 1980లలో దీన్ని తెచ్చింది క్రీడాకారుల కోసం. ఆట బాగా ఆడతాడు కదా అని చదువులో బాగా వెనకబడ్డవాణ్ణి చేర్చుకోకుండా, హైస్కూలు ఫలితాలనీ, టెస్టు స్కోర్లనీ కలిపి ఒకే అంకె చేశారు. పాత లెక్కలో అది 60 నుంచి 240 దాకా ఉండేది. అందులో శాట్ సబ్జెక్ట్ టెస్టులూ ఒక భాగం. అమెరికాలో ఆ టెస్టులు 2021లో ఆగిపోయాయి. కాబట్టి ఇప్పటికీ వాటి మార్కులడిగే కాలిక్యులేటర్ ఇంటర్నెట్‌లో కనిపిస్తే నమ్మకండి.

ఎంసెట్ రాసి వచ్చినవాళ్ళం కనుక, అంకె పెద్దదైతే సీటు వచ్చినట్టే అనుకుంటాం. కొన్నిచోట్ల అది నిజమే. అయోవా ప్రభుత్వ యూనివర్సిటీలు 2009లో ఇలాంటి ఇండెక్సే పెట్టాయి. కావలసిన కోర్సులు చదివి 245 తెచ్చుకున్న ఆ రాష్ట్ర విద్యార్థికి అడ్మిషన్ ఖాయం అన్నాయి.

హార్వర్డ్‌లో అలా కాదు. ఆ యూనివర్సిటీ మీద వేసిన దావా 2018లో విచారణకొచ్చింది. దావా వేసినవారి నిపుణుడు దరఖాస్తుదారుల్ని ఇండెక్స్ ప్రకారం పది భాగాలు చేశాడు. అన్నిటికన్నా పై భాగంలో ఉన్న ఆసియన్ అమెరికన్ పిల్లల్లో సీటొచ్చింది 12.7 శాతం మందికే. తెల్లపిల్లల్లో 15.3 శాతం. మిగతా వర్గాలకి ఇంకా ఎక్కువ. అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోవడాన్ని 2023లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అయినా సీట్లు పెరగలేదు. వ్యాసాలు, టీచర్ల ఉత్తరాలు, బడి బయట చేసిన పనులు చూడటమూ మానలేదు.

అందుకని ముందు ప్రతి యూనివర్సిటీ గురించీ రెండు విషయాలు కనుక్కోండి. ఇంత స్కోరొస్తే అడ్మిషన్ ఖాయమనే నియమం ఉందా? అసలు టెస్టు స్కోరు చూస్తారా? కాలిఫోర్నియా యూనివర్సిటీ అడ్మిషన్ నిర్ణయంలో శాట్‌ని చూడదు. హార్వర్డ్ 2025లో చేరేవారి నుంచి టెస్టుని మళ్ళీ తప్పనిసరి చేసింది.

1540 వచ్చిన అమ్మాయిని ఇంకో ముప్ఫై మార్కుల కోసం వేసవంతా కోచింగ్‌లో కూర్చోబెట్టే ముందు ఒక్కసారి ఆలోచించండి. ఆ వేసవిలో తనకిష్టమైన పని ఏదైనా చేస్తే, దరఖాస్తులో రాయడానికి తనదంటూ ఒకటి ఉంటుంది. సీటు రాకపోయినా ఆ పని తనకి మిగులుతుంది.