మక్తల్ దాకా రైలు

మాది మక్తల్ దగ్గర పల్లె. మా అమ్మానాయన మాదాపూర్‌లో తట్టలు మోశారు. నేనిప్పుడు గచ్చిబౌలిలో సైట్ సూపర్‌వైజర్‌ని. సెంట్రింగ్‌కీ కాంక్రీటుకీ ఇవాళ్టికీ గుంపు మేస్త్రి వెంట వచ్చేవాళ్లలో మా పాలమూరోళ్లు, అంటే మహబూబ్‌నగర్ వైపువాళ్లు, చాలామంది.

మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ని అప్పటి ప్రధాని వాజ్‌పేయి 1998 నవంబర్ 22న ప్రారంభించారు. మా ఊరివైపు వచ్చే మునిరాబాద్–మహబూబ్‌నగర్ కొత్త రైలు మార్గం 1997-98లోనే మంజూరైంది. రెండూ ఒక ఈడువే. మాదాపూర్ చుట్టూ అద్దాల మేడలు లేస్తూనే ఉన్నాయి. ఆ మార్గంలో దేవరకద్ర నుంచి మరికల్, జక్లేర్, మక్తల్, మాగనూర్ మీదుగా కృష్ణ దాకా మా పట్టాలు పూర్తయ్యేసరికి మాత్రం 2023 వచ్చింది.

ఎందుకింత ఆలస్యం? పెట్టిన డబ్బు మీద ఏటా 14 శాతం తిరిగి రావాలన్నది రైల్వేలో చాలాకాలం నడిచిన లెక్క. వలసపోయే పల్లెలు ఆ లెక్కకు ఎన్నటికీ తూగవు. అందుకే ఇలాంటి లైన్లకు వెనుకబడిన ప్రాంతమని మంజూరు ఇస్తారు గానీ, నిధులు ఏటా కొంచెం కొంచెమే రాలుతాయి. భూసేకరణ సరేసరి. పైగా మా వైపు నల్లరేగడి ఎక్కువ. వానకు ఉబ్బుతుంది, ఎండకు చెయ్యి పట్టేంత బీటలు తీస్తుంది. దానిమీద నేరుగా కంకర పోస్తే పట్టా ఒక పక్కకు కుంగుతుంది. మంచి మొరం తెచ్చి, పొరలు పొరలుగా పోసి, నీళ్లు చల్లి, రోలరుతో దిమ్మిస కొట్టాలి. ఆ పని విలువ సైట్లో ఉండేవాళ్లకు తెలుస్తుంది.

2023 అక్టోబర్ 1న ప్రధాని మోదీ 37 కిలోమీటర్ల జక్లేర్–కృష్ణ లైనును జాతికి అంకితం చేశారు. ఖర్చు 500 కోట్లకు పైనే. అదే రోజు కాచిగూడ–రాయచూరు రైలు మొదలైంది. “బిడ్డా, ఇగ పీర్ల పండుగకు పొయ్యిరావచ్చు,” అంది మా సైట్లో ఇటుకలు మోసే పెద్దమ్మ.

టికెట్ల రాబడి చూసి ఈ లైను దండగ అనేవాళ్లు హైటెక్ సిటీ స్టేషన్‌నే చూడాలి. దాని ముందున్న వాడి–సికింద్రాబాద్ లైను నిజాం కాలంలో, 1874లో పడింది. అప్పుడక్కడ ఉన్నవి బండలూ తుప్పలే. పట్టాలు ముందే ఉన్నాయి గనుకే 2003లో ఎంఎంటీఎస్ లోకల్ రైలు నడిచింది, ఉద్యోగులు ఎక్కారు. మక్తల్‌కూ అంత ఓపిక చూపించాలి.

పట్టాలు పడ్డాయి, ఇక రైళ్లు పెరగాలి. ఆదివారం రాత్రి ఊళ్లో ఎక్కితే సోమవారం తెల్లారేసరికి నగరంలో కూలీల అడ్డా మీద ఉండేలా వేళ కుదరాలి. ఉగాదికీ దసరాకీ జనరల్ బోగీలు ఎక్కువ వెయ్యాలి.