వినడమూ ఓ చదువే!

ఎంతమంది? ఎంత శాతం? ఎన్ని ఎకరాలు?... వీటికి అంకెలు జవాబు చెబుతాయి. ఎందుకలా? అసలేం జరిగింది? వాళ్లేమనుకుంటున్నారు?... వీటికి మాత్రం మనుషులే జవాబు చెప్పాలి. ఆ మనుషుల మాటను పద్ధతిగా వినడం, విన్నదాన్ని తూచి అర్థం చేసుకోవడం నేర్పేదే గుణాత్మక పరిశోధన. పీజీలో చాలామంది 'ఏదో ఓ పేపరు' అనుకుని దాటేసే సబ్జెక్టు ఇది. మన కృష్ణా డెల్టాలో నిలబడి చూస్తే దాని విలువేంటో తెలుస్తుంది!

విజయవాడ నుంచి బందరు రోడ్డు మీద వెళ్తుంటే పెనమలూరు దాటాక కంకిపాడు వస్తుంది. కాలువల కింద వరి, వరి కోశాక మినుము... అచ్చమైన డెల్టా వ్యవసాయం. ఆ చుట్టుపక్కల ఓ ఊళ్లో ఎమ్మే సోషియాలజీ చదివే అమ్మాయి కౌలు రైతుల మీద ప్రాజెక్టు చేస్తోందనుకుందాం. చేతిలో ప్రశ్నపత్రం. ఎదురుగా అరవై ఏళ్ల రైతు.

'బాబాయి గారూ, మీకు పొలం ఎంతుందండీ?'

'లేదమ్మా.'

'అప్పులేమైనా ఉన్నాయాండీ?'

'ఏం లేవమ్మా.'

రెండు గళ్లలో రెండు టిక్కులు. అయిదు నిమిషాల్లో పని అయిపోయింది. కాగితం ప్రకారం ఆయన భూమి లేని, అప్పు లేని మనిషి!

అదే అమ్మాయి ప్రశ్నపత్రాన్ని సంచిలో పెట్టేసి గట్టు మీద కూర్చుని, 'కిందటేడు నాట్ల దగ్గర్నుంచి కోతల దాకా ఎలా గడిచిందో చెప్పండి బాబాయి గారూ' అని అడిగిందనుకోండి. అప్పుడు కథ వేరుగా ఉంటుంది. 'ఆరెకరాలు చేస్తున్నానమ్మా. ఆసామి బెజవాడలో ఉంటారు. కాయితమా? అంతా నోటిమాటే. ఎరువుల కొట్లో ఖాతా ఉంది. కోతలప్పుడు మా బావమరిది దగ్గర చేబదులు తెచ్చా. వాటిని అప్పులంటారేంటమ్మా? పంట చేతికి రాగానే ఇచ్చేసేవేగా!'

ఆయన మొదటిసారి అబద్ధం చెప్పలేదు. ఆయన లెక్కలో అప్పంటే నోటు రాసిచ్చిందో, బ్యాంకులో తీసుకున్నదో. ఖాతా వేరు, చేబదులు వేరు. ప్రశ్న రాసినవాళ్ల అప్పు, జవాబు చెప్పినవాళ్ల అప్పు ఒకటి కాదు. ఈ తేడా పట్టుకోలేకపోతే లెక్కలు ఎంత పెద్ద కంప్యూటర్‌లో వేసినా ఫలితం తప్పే.

ఇదేదో పరీక్షలో మార్కుల గొడవ కాదు. కౌలుదార్లకు రుణార్హత కార్డులిచ్చేందుకు ఉమ్మడి రాష్ట్రంలో 2011లో చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు. దాని ప్రకారం కార్డు కావాలంటే భూయజమాని సమ్మతి ఉండాలి. 'ఎంతమందికి కార్డులొచ్చాయి?' అన్నదానికి ఆఫీసులో జవాబు దొరుకుతుంది. 'సంతకం అడిగితే వచ్చే ఏడు పొలం ఇవ్వరేమో' అని ఓ కౌలురైతు భయపడితే, ఆ భయం ఏ రిజిస్టర్లో ఉంటుంది? అది తెలుసుకోవాలంటే వెళ్లి వినాల్సిందే.

కబుర్లు కాదు... కసరత్తు!

'నలుగురితో మాట్లాడి రాసుకురావడమేగా, దీనికో డిగ్రీ ఎందుకు?' అంటారు కొందరు. నిజానికి ఇక్కడే అసలు కష్టం మొదలవుతుంది.

ఈ పద్ధతిలో ప్రధానంగా ఉపయోగించేవి... ఒక్కొక్కరితో తీరిగ్గా జరిపే ఇంటర్వ్యూ, కొద్దిమందిని కూర్చోబెట్టి చేయించే బృందచర్చ, వాళ్ల మధ్యే ఉంటూ చేసే పరిశీలన, ఉత్తరాలూ దస్తావేజులూ చదవడం. పీజీలో మొదట వీటిని పరిచయం చేస్తారు. పైస్థాయి కోర్సుకొచ్చేసరికి విద్యార్థి స్వయంగా ఊళ్లోకి వెళ్లాలి, మాటలు రికార్డు చేయాలి, ప్రతి పదం రాయాలి. గంటసేపు మాట్లాడినదాన్ని కాగితం మీద పెట్టడానికి కొత్తవాళ్లకు అయిదారు గంటలైనా పడుతుంది. నవ్విందీ, ఆగిందీ, మాట మార్చిందీ... అన్నీ రాయాల్సిందే.

ప్రశ్న అడగడానికీ లెక్కుంది. 'ఎందుకు చేశారు?' అంటే ఎవరైనా సంజాయిషీ ఇచ్చుకుంటారు. 'అప్పుడేం జరిగింది?' అంటే కథ చెబుతారు. ఎదుటివాళ్లు మౌనంగా ఉంటే తొందరపడి ఇంకో ప్రశ్న వేయకూడదు. ఆ మౌనం తర్వాత వచ్చే మాటే ఒక్కోసారి మొత్తం పరిశోధనకు తాళంచెవి అవుతుంది.

ఎంతమందితో మాట్లాడాలి? 'అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలు' అంటాం మనం. కానీ మనుషులంతా ఒకే కుండలో మెతుకులు కాదు. అందుకే కొత్త సంగతి రావడం ఆగిపోయేదాకా మాట్లాడుతూనే ఉండాలన్నది ఒక సూత్రం. దీన్ని సంతృప్తస్థితి అంటారు. ఘనా, నైజీరియాల్లో 60 మంది మహిళలతో జరిపిన ఇంటర్వ్యూలను 2006లో ముగ్గురు పరిశోధకులు తిరగేసి చూస్తే మొదటి 12 ఇంటర్వ్యూల్లోనే ప్రధాన విషయాలు దాదాపు అన్నీ వచ్చేశాయట. అలాగని పన్నెండు మంత్రసంఖ్యేమీ కాదు. ఆసామినీ కౌలురైతునీ కూలీనీ, ఆడవాళ్లనీ మగవాళ్లనీ కలిపి చూడాలంటే పన్నెండు ఏ మూలకీ చాలదు.

కన్ను గీటితే అర్థమేంటి?

ఈ సబ్జెక్టు చదివిన ప్రతివాళ్లూ వినే ఉదాహరణ ఒకటుంది. ఇద్దరు కుర్రాళ్లు కన్ను మూసి తెరిచారు. ఒకడి కంట్లో నలుసు పడింది. రెండోవాడు ఎవరికో సైగ చేశాడు. ఫొటో తీస్తే రెండూ ఒకటే! గిల్బర్ట్ రైల్ అనే బ్రిటిష్ తత్వవేత్త చెప్పిన ఈ పోలికను తీసుకుని, అమెరికా మానవశాస్త్రవేత్త క్లిఫర్డ్ గీర్ట్జ్ 1973లో 'చిక్కని వర్ణన' అన్న భావనను ప్రచారంలోకి తెచ్చారు. జరిగినదాన్ని రాస్తే చాలదు, అక్కడివాళ్లకు దాని అర్థమేంటో కూడా రాయాలన్నది దాని సారం.

మరో మలుపు ఆస్పత్రుల్లోంచి వచ్చింది. బార్నీ గ్లేసర్, ఆన్సెల్మ్ స్ట్రాస్ అనే సామాజికశాస్త్రవేత్తలు శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంత ఆస్పత్రుల్లో మరణానికి దగ్గరైన రోగులనీ వైద్యులనీ నర్సులనీ గమనించారు. చనిపోతున్న సంగతి ఎవరికి తెలుసు, తెలిసినా తెలియనట్లు ఎవరు నటిస్తున్నారు అన్నది పరిశీలించి 1965లో పుస్తకం రాశారు. ఆ అనుభవంతోనే 1967లో 'గ్రౌండెడ్ థియరీ' పద్ధతిని వివరించారు. ముందే సిద్ధాంతం పెట్టుకుని రుజువులు వెతకడం కాదు, సేకరించిన సమాచారంలోంచే సిద్ధాంతాన్ని మొలకెత్తించాలంటుంది అది. పెద్ద డాక్టరు 'అమ్మకి చెప్పకండి' అని బంధువుల్ని పక్కకు పిలిచే మన ఆస్పత్రుల వరండాల్లో కూర్చుంటే ఆ పుస్తకం ఎంత మనదో అర్థమవుతుంది!

మనవాళ్లే పాఠాలయ్యారు

తెలుగు నేల ఈ శాస్త్రానికి కొత్త కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఎస్.సి.దూబే 1951-52ల్లో వివిధ శాఖల వారితో కలిసి హైదరాబాద్ దగ్గరున్న శామీర్‌పేటను అధ్యయనం చేశారు. దానిమీద ఆయన రాసిన 'ఇండియన్ విలేజ్' 1955లో వచ్చింది. భారతీయ గ్రామాన్ని గురించి చదివేవాళ్లకు ఇప్పటికీ అది తప్పనిసరి పుస్తకం.

ఊరివాళ్లతోనే ఊరి పటం గీయించే పద్ధతి ఉంది... గ్రామీణ భాగస్వామ్య అధ్యయనం. దాన్ని ప్రపంచవ్యాప్తం చేసినవారిలో ముఖ్యుడు బ్రిటన్‌కు చెందిన రాబర్ట్ ఛాంబర్స్. ఆయన 1989-91 మధ్య హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీలో ఉండి పనిచేశారు. ఈ పద్ధతిలో కాగితం, కలం అక్కర్లేదు. ముగ్గుపిండి, రంగులు, చింతగింజలు చాలు. నేల మీద గీసిన పటం చుట్టూ నిలబడితే చదువు రానివాళ్లూ 'ఆ బోరు అక్కడ కాదు, ఇక్కడ' అని సరిచేస్తారు.

కంకిపాడు నుంచి అదే బందరు రోడ్డు మీద ముందుకెళ్లి, పామర్రులో చల్లపల్లి దారి పడితే కూచిపూడి. అక్కడ మగవాళ్లు కట్టే సత్యభామ వేషాన్ని గురించి హర్షిత మృత్తింటి కామత్ అనే పరిశోధకురాలు అధ్యయనం చేశారు. 2019లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ముద్రణాలయం ఆమె పుస్తకాన్ని ప్రచురించింది. అందులో గొప్ప సంగతేంటంటే, రంగస్థలం మీద కనిపించే కళాకారులతో సరిపెట్టుకోకుండా, ఆ ఇళ్లలోనే ఉంటూ వేదిక ఎక్కే అవకాశం లేకపోయిన స్త్రీల మాటలకూ ఒక అధ్యాయం కేటాయించారు. ఎవరు మాట్లాడుతున్నారన్నదే కాదు, ఎవరు మాట్లాడలేదన్నదీ చూడాలన్న పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఏముంటుంది!

కోస్తా కుర్రాళ్ల సాఫ్ట్‌వేర్ ప్రయాణం మీద పరిశోధించింది ఓ చైనీయుడంటే ఆశ్చర్యం కలుగుతుంది. ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన శ్యాంగ్ బ్యావ్ 2000 ప్రాంతంలో సిడ్నీలోనూ హైదరాబాద్‌లోనూ మన ఐటీ ఉద్యోగుల మధ్య గడిపారు. పొలం మీద మిగులు, కట్నం, శిక్షణ ఫీజు, కన్సల్టెన్సీ, విదేశీ ఉద్యోగం... ఇవన్నీ ఒకే గొలుసులో లింకులని 2007లో వెలువడిన పుస్తకంలో చూపించారు. ప్రతి ఇంట్లోనూ తెలిసిన సంగతులే. కానీ ఒకదానికొకటి ముడివేసి చూపించడానికి పద్ధతి తెలిసిన పరిశోధకుడు కావాల్సి వచ్చింది.

'మొహమాటం'... ఇంగ్లిషులో ఏమనాలి?

మన విద్యార్థులకు ఎదురయ్యే ప్రత్యేకమైన చిక్కు ఇది. మాటలు తెలుగులో, థీసిస్ ఇంగ్లిషులో. సేకరించిన మాటల్ని చదువుతూ ఒక్కో భావానికీ ఒక్కో పేరు పెట్టుకుంటూ పోవడాన్ని కోడింగ్ అంటారు. ఆ పేర్లను గుంపులుగా చేర్చి, వాటి మధ్య సంబంధం వెతకాలి. ఎన్‌వివో, అట్లాస్ టీఐ లాంటి సాఫ్ట్‌వేర్లు వాటిని దాచిపెట్టి, వెతికి ఇస్తాయి. ఆలోచించాల్సింది మాత్రం మనిషే.

'మొహమాటానికి ఒప్పుకున్నా' అని ఒకామె అంటే దాన్ని 'సిగ్గు' అనే అర్థమిచ్చే ఇంగ్లిషు మాటలోకి మార్చారో... పని చెడినట్లే. బెంగ, పరువు, దిష్టి, చేబదులు... ఇవన్నీ అంతే. అందుకే చెప్పినవాళ్ల మాటనే కోడ్‌గా ఉంచేసుకోమంటుంది శాస్త్రం. ఈ విషయంలో తెలుగు బాగా వచ్చినవాళ్లదే పైచేయి. ఇంగ్లిషు సరిగా రాదని వెనకాడే పల్లెటూరి విద్యార్థి, పొలంగట్టు మీద మాత్రం అందరికంటే ముందుంటాడు.

అయితే సొంతూరివాళ్లకు ఓ ఇబ్బందీ ఉంది. 'ఫలానావారి అమ్మాయి' అని తెలిశాక కొన్ని విషయాలు చెప్పరు. కులం, ఇంటిపేరు, కట్టూబొట్టూ... అన్నీ మనకంటే ముందే మాట్లాడేస్తాయి. నేనెవరిని, నన్ను చూసి వాళ్లు ఏం దాచి ఉంటారు అని పరిశోధకులు రోజూ తమ డైరీలో రాసుకోవాలి. పైస్థాయి కోర్సులో ఆ డైరీకీ మార్కులుంటాయి.

రాసుకున్న నోట్సు విలువ ఎంతో చెప్పడానికి ఎం.ఎన్.శ్రీనివాస్ ఉదంతం చాలు. మైసూరు దగ్గరి ఓ గ్రామంలో 1948లో సేకరించిన సమాచారాన్ని ఆయన ఏళ్ల తరబడి క్రమపద్ధతిలో పెట్టుకున్నారు. 1970 ఏప్రిల్లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో దుండగులు పెట్టిన మంటల్లో ఆ ప్రతులు కాలిపోయాయి. గుర్తున్నదానితోనే ఆయన 'ది రిమెంబర్డ్ విలేజ్' రాశారు. 1976లో అచ్చయిన ఆ పుస్తకం ఈ రంగంలో ఓ మైలురాయి.

నమ్మి చెప్పిన మాట

అన్నిటికంటే బరువైన పాఠం నైతికతది. ఎందుకు అడుగుతున్నామో ముందే చెప్పాలి. ఇష్టం లేకపోతే మధ్యలోనే ఆపేయొచ్చని చెప్పాలి. రికార్డు చేసేముందు అనుమతి తీసుకోవాలి. పేర్లు మార్చాలి. ఊళ్లో పేరు మార్చినంత మాత్రాన చాలదు. 'కాలువ పక్కన ఆరెకరాలు చేసే కౌలురైతు, ఇద్దరు కూతుళ్లు' అని రాస్తే ఊరంతా ఇట్టే పోల్చేస్తుంది. రైతు నమ్మి చెప్పిన మాట ఆసామి చెవిన పడితే, వచ్చే ఏడు ఆయనకు పొలం ఉండదు. పరిశోధకురాలికి డిగ్రీ వస్తుంది, ఆయనకు బతుకు పోతుంది. ఆ గీత ఎక్కడ గీయాలో తెలియకపోతే ఎన్ని పద్ధతులు నేర్చినా వృథానే.

ఉద్యోగం సంగతేంటి?

ఇంట్లో పెద్దవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే! బోధన, పీహెచ్‌డీ ఎలాగూ ఉన్నాయి. ప్రజారోగ్య సంస్థలు, ప్రభుత్వ పథకాల మదింపు చేసే సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు, మార్కెట్ పరిశోధన కంపెనీలు ఈ నైపుణ్యం ఉన్నవాళ్లను తీసుకుంటాయి. యాప్‌లు తయారుచేసే కంపెనీలు కూడా వాటిని వాడేవాళ్లు ఎక్కడ తడబడుతున్నారో తెలుసుకోవడానికి యూఎక్స్ రీసెర్చర్లను నియమించుకుంటున్నాయి. వాళ్లు చేసేదీ ఇదే... పక్కన కూర్చుని గమనించడం, అడగడం, వినడం.

చదవాలంటే...

* హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో సోషియాలజీ, ఆంత్రొపాలజీ ఎమ్మే కోర్సులున్నాయి. ప్రవేశం సీయూఈటీ-పీజీ ద్వారా.

* విశాఖలోని ఆంధ్రా, తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో ఆంత్రొపాలజీ విభాగాలున్నాయి. ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల్లో చేరాలంటే ఏపీ పీజీసెట్ రాయాలి.

* యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీలో చేరినవాళ్లు కనీసం 12 క్రెడిట్ల కోర్సువర్క్ చేయాలి. పరిశోధన, ప్రచురణ నైతికత అందులో భాగం. ఎంఫిల్‌ను ఆ నిబంధనలతోనే ఆపేశారు.

* డిగ్రీ ఏదైనా, సామాజికశాస్త్రాల్లో ఆసక్తి, ఓపిక ఉంటే చాలు. కోర్సు ఎంచుకునేముందు సిలబస్‌లో క్షేత్రపరిశీలన ఎన్ని వారాలుందో చూసుకోండి. గదిలోనే ముగిసే కోర్సుతో ఈ విద్య అబ్బదు.

కోర్సులో చేరకముందే దీన్ని మొదలుపెట్టొచ్చు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచేసిన ఉప్పెననాటికి ఇరవై ఏళ్లున్నవాళ్లు ఇప్పుడు డెబ్భైకి చేరువలో ఉన్నారు. ఆ రాత్రి చెట్టెక్కి బతికినవాళ్లు, తెల్లారి అయినవాళ్ల కోసం వెతికినవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. ఎంతమంది పోయారో రికార్డుల్లో ఉంది. బతికినవాళ్లు ఎలా బతికారో మాత్రం వాళ్లకే తెలుసు. డెల్టా పిల్లలెవరైనా ఈ సెలవుల్లో అనుమతి అడిగి, ఫోన్‌లో రికార్డింగు నొక్కి, ఆ పెద్దల పక్కన కూర్చోవచ్చు. మొదటి ప్రశ్న ఒక్కటే చాలు... 'ఆ రోజు పొద్దున్నుంచీ ఏం జరిగిందో చెప్పండి.'