నికోటిన్ వేరు, పొగ వేరు: సిగరెట్టు మాన్పించడంలో వేపింగ్ పాత్ర

ఈ పాఠం మొదలుపెట్టే ముందు ఒక ప్రశ్నకు మీ జవాబును నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి. సిగరెట్టు తాగేవారికి ఊపిరితిత్తుల కాన్సర్ వచ్చేది నికోటిన్ వల్లనేనా? బాగా చదువుకున్నవారిలో కూడా చాలామంది అవునంటారు. ఆ జవాబు సరైనది కాదు. అలాగని నికోటిన్ హాని లేని పదార్థమనీ కాదు. ఈ తేడా తెలియక, మందుల దుకాణంలో దొరికే నికోటిన్ గమ్‌ను ‘అదీ విషమే కదా’ అని పక్కన పెట్టి బీడీ కొనసాగించేవారున్నారు. ‘పొగే లేదు కదా’ అని, ఎప్పుడూ సిగరెట్టు ముట్టని కుర్రాళ్లు వేప్ పట్టుకోవడమూ ఉంది. ఈ రెండు పొరపాట్లూ ఎక్కడ పుడుతున్నాయో పాఠం పూర్తయ్యేసరికి మీరు కారణాలతో సహా చెప్పగలగాలి.

1. నికోటిన్ అంటే ఏమిటి?

నికోటిన్ ఒక ఆల్కలాయిడ్. అంటే మొక్కలు తయారుచేసుకునే, నత్రజని కలిగిన, క్షార స్వభావం ఉన్న పదార్థం. పొగాకు మొక్క దాన్ని వేళ్లలో తయారుచేసి ఆకులకు పంపుతుంది. పురుగుల నుంచి ఆకుకు అదే రక్షణ. మన రైతులు పొగాకు కషాయాన్ని పంటల మీద పిచికారీ చేయడం వెనుక ఉన్న సూత్రం ఇదే. 1828లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో పోసెల్ట్, రైమన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీన్ని పొగాకు నుంచి వేరుచేశారు.

నికోటిన్ చర్మం గుండా కూడా శరీరంలోకి వెళ్తుంది. మంచుకు తడిసిన పచ్చి పొగాకు కోసే కూలీలకు తలతిప్పు, వాంతులు రావడానికి కారణం ఇదే. పొగతాగడం మాన్పించేందుకు చర్మం మీద అంటించే నికోటిన్ పట్టీ పనిచేసేదీ ఈ గుణం వల్లనే. ఒకచోట జబ్బుగా కనిపించినది మరోచోట మందవుతోంది. తేడా అంతా మోతాదులో, అది శరీరానికి అందే వేగంలో ఉంది.

2. మెదడులో ఏం జరుగుతుంది?

నాడీకణాలు ఒకదానికొకటి కబురు పంపుకోవడానికి వాడే రసాయనాల్లో ఎసిటైల్‌కోలిన్ ఒకటి. దాన్ని అందుకునే గ్రాహకాలను తాళాలనుకుంటే, ఎసిటైల్‌కోలిన్ అసలు తాళంచెవి. నికోటిన్ దొంగ తాళంచెవి. అది ఈ గ్రాహకాల్లో పట్టి, మెదడు లోతుల్లో డోపమైన్ విడుదలయ్యేలా చేస్తుంది. తిండి దొరికినప్పుడు, మెప్పు పొందినప్పుడు కలిగే తృప్తికి సంబంధించిన రసాయనం అది. ‘ఇప్పుడు చేసిన పని మళ్లీ చెయ్యి’ అని మెదడు నేర్చుకునేది దీనివల్లనే.

రోజూ ఇలా జరుగుతుంటే మెదడులో ఈ గ్రాహకాల సంఖ్య పెరుగుతుంది. నికోటిన్ అందనప్పుడు చిరాకు, ఆందోళన, నిద్ర పట్టకపోవడం, మనసు నిలవకపోవడం, ఆకలి పెరగడం మొదలవుతాయి. మానిన మొదటి వారంలో ఇవి తీవ్రంగా ఉండి, మూడు నాలుగు వారాల్లో చాలావరకు తగ్గుతాయి. ‘సిగరెట్టు తాగితేగానీ బుర్ర పనిచేయదు’ అనే మాట మీరు వినే ఉంటారు. ఆ మాట అనేవారు అబద్ధం చెప్పడం లేదు. కాకపోతే ఆ సిగరెట్టు తీరుస్తున్నది చాలావరకు ముందరి సిగరెట్టు తెచ్చిపెట్టిన లోటునే.

రక్తంలోని నికోటిన్ సుమారు రెండు గంటల్లో సగానికి పడిపోతుంది. రాత్రంతా నిద్రపోతే దాదాపు ఖాళీ అవుతుంది. అందుకే ‘నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటి సిగరెట్టు వెలిగిస్తారు?’ అని వైద్యులు అడుగుతారు. రోజుకు ఎన్ని తాగుతారన్న ప్రశ్న కంటే ఈ ప్రశ్న వ్యసనం లోతును బాగా పట్టిస్తుంది. లేచిన అయిదు నిమిషాల్లోనే వెలిగించేవారికి మానడం మిగతావారికంటే కష్టం.

3. వేగం ఎందుకు ముఖ్యం?

సిగరెట్టు పొగను ఊపిరితిత్తుల్లోకి పీల్చినప్పుడు నికోటిన్ 10 నుంచి 20 సెకన్లలో మెదడును చేరుతుంది. దమ్ము లాగడం, ఫలితం అందడం వెంటవెంటనే జరుగుతాయి కాబట్టి మెదడు ఆ రెండింటినీ గట్టిగా ముడివేస్తుంది. రోజుకు ఇరవై సిగరెట్లు, ఒక్కోదానికి పది దమ్ములు అనుకోండి. ఆ పాఠం రోజుకు 200 సార్లు అందుతోంది. ఏ చదువైనా అంత అభ్యాసంతో రాక మానదు.

ఇక్కడ కొంచెం రసాయనశాస్త్రం అవసరం. నికోటిన్ క్షారం కదా. చుట్టూ క్షార గుణం ఉంటే అది విద్యుదావేశం లేని రూపంలో ఉండి కణాల పొరల్లోంచి తేలిగ్గా దూరిపోతుంది. ఆమ్ల గుణం ఉంటే ఆవేశం పొంది అంత తేలిగ్గా దూరలేదు. గోదావరి లంక పొగాకుతో చుట్టిన చుట్టను తీసుకోండి. దాని పొగ క్షార గుణం కలది. నికోటిన్ నోటి పొరల్లోంచే రక్తంలోకి వెళ్తుంది, కాబట్టి చుట్ట తాగేవారు పొగను ఛాతీలోకి లాగవలసిన పని లేదు. పైగా లాగితే గొంతు మండుతుంది. ప్రకాశం జిల్లా బ్యారన్లలో వేడిగాలితో పండబెట్టే వర్జీనియా పొగాకు ఇందుకు భిన్నం. అందులో చక్కెరలు ఎక్కువ, పొగ ఆమ్ల గుణంతో మెత్తగా ఉంటుంది. నోటిలో అంతగా ఇంకదు. లోపలికి పీల్చాలి, మెత్తగా ఉంది కాబట్టి పీల్చగలరు. ఊపిరితిత్తుల విస్తీర్ణం చాలా పెద్దది, అక్కడి ద్రవం స్వల్పంగా క్షారం. అందువల్ల అక్కడ క్షణాల్లో రక్తంలో కలుస్తుంది. సిగరెట్టు ప్రపంచమంతా పాకడానికి ఈ మెత్తదనం ఒక ముఖ్య కారణం.

ఖైనీలో సున్నం ఎందుకు నలుపుతారో ఇప్పుడు మీరే చెప్పగలరు. సున్నం క్షారం. అది నికోటిన్‌ను నోటి పొరల్లో దూరే రూపంలోకి మారుస్తుంది. ఈ సంగతి రసాయనశాస్త్రం కంటే ముందే వాడేవారికి తెలుసు.

4. ప్రాణం తీసేది ఏది?

దమ్ము లాగినప్పుడు సిగరెట్టు కొన దగ్గర వేడి సుమారు 900 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. ఆ మంటలో పుట్టే పొగలో 7,000కు పైగా రసాయనాలున్నాయి. వాటిలో కనీసం 70 కాన్సర్ కారకాలు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ స్థానాన్ని ఆక్రమిస్తుంది, తారు ఊపిరితిత్తుల్లో పేరుకుంటుంది. బీడీ ఇందుకు మినహాయింపు కాదు. తునికాకులోంచి గాలి సరిగా ఆడదు కాబట్టి బీడీ ఆరిపోకుండా ఇంకా తరచుగా, గట్టిగా లాగాలి. లండన్‌లో పొగతాగేవారికి చికిత్స చేసిన మనోవైద్యుడు మైకేల్ రసెల్ 1976లోనే ఈ విషయం తేల్చి చెప్పాడు. జనం నికోటిన్ కోసం తాగుతున్నారు, చనిపోతున్నది తారు వల్ల అన్నది ఆయన వాదన సారాంశం.

మనకు దగ్గరి ఉదాహరణ అడ్డపొగ. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరగ్రామాల్లో, ముఖ్యంగా స్త్రీలు, చుట్టను నిప్పు ఉన్న కొస నోట్లో ఉండేలా పెట్టుకుని తాగే అలవాటు ఇది. మామూలుగా అరుదుగా వచ్చే అంగుడి కాన్సర్ వీరిలో ఎక్కువగా కనిపించిందని దశాబ్దాలుగా పరిశోధకులు నమోదు చేశారు. చుట్ట అదే, నికోటిన్ అదే. అంగుడికి తగిలే వేడి, పొగ మారాయి.

అయితే ‘కాలకపోతే చాలు’ అనుకోవడానికీ వీల్లేదు. గుట్కా, ఖైనీ కాలవు. కానీ పొగాకును పులియబెట్టి నిల్వచేసేటప్పుడు పుట్టే నైట్రోసమైన్లు నోటి కాన్సర్ తెస్తాయి. 2016–17 జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో 28.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. పొగతాగేవారు 10.7 శాతం కాగా, నమిలే రకాలు వాడేవారు 21.4 శాతం. కాబట్టి యూరప్‌లో సిగరెట్టు గురించి తేలిన ప్రతి విషయాన్నీ మనకు యథాతథంగా వర్తింపజేయకండి.

నికోటిన్‌కు తన సొంత దోషాలున్నాయి. గుండె వేగాన్ని, రక్తపోటును పెంచుతుంది. గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది. ఎదిగే వయసులో మెదడు మీద ప్రభావం చూపుతుంది. అన్నిటికీ మించి వ్యసనం చేస్తుంది. దాన్ని కాన్సర్ కారకంగా మాత్రం ఇంతవరకు నిర్ధారించలేదు.

5. పొగ లేని నికోటిన్: గమ్, పట్టీ

1960ల చివర్లో స్వీడన్‌లో ఒక గమనింపు ఈ చికిత్సకు దారితీసింది. జలాంతర్గాముల్లో పొగతాగే వీలులేని నావికులు పొగాకు నమిలి సరిపెట్టుకునేవారు. దాన్నిబట్టి ఓవె ఫెర్నో అనే రసాయన శాస్త్రవేత్త నికోటిన్ గమ్ రూపొందించాడు. లోటును పొగ లేకుండా తీర్చి, మోతాదును వారాల మీద తగ్గిస్తూ పోవడం దీని పద్ధతి. పట్టీ రోజంతా నెమ్మదిగా నికోటిన్ అందిస్తుంది. గమ్ కోరిక పుట్టినప్పుడు పనికొస్తుంది. రెండూ కలిపి వాడితే ఒక్కటే వాడినదానికంటే ఫలితం మెరుగు.

గమ్ పనిచేయలేదని చెప్పేవారిలో చాలామంది దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా నమిలేస్తారు. నికోటిన్ ఉమ్మితో కడుపులోకి పోయి వెక్కిళ్లు, వికారం తెస్తుంది తప్ప మెదడుకు సరిగా అందదు. ఘాటు తెలిసేదాకా నెమ్మదిగా నమలాలి. తర్వాత బుగ్గకూ చిగురుకూ మధ్య ఉంచాలి. ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. ఇలా అరగంట. నమలడానికి 15 నిమిషాల ముందు నుంచి కాఫీ, నిమ్మరసం, శీతల పానీయాలు తాగకూడదు. కారణం మూడో విభాగంలో ఉంది, వెనక్కి వెళ్లి చూసుకోండి.

6. వేపింగ్ ఎక్కడ నిలుస్తుంది?

2003లో చైనాకు చెందిన హోన్ లిక్ అనే ఫార్మసిస్టు నేటి ఎలక్ట్రానిక్ సిగరెట్టుకు మూలమైన పరికరాన్ని తయారుచేశాడు. బ్యాటరీ, వేడెక్కే తీగ, ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్‌లలో కలిపిన నికోటిన్, రుచి ద్రవ్యాలు ఇందులో ఉంటాయి. ఇందులో ఆకు కాలదు, ద్రవం వేడెక్కి సన్నని తుంపరలవుతుంది. తారు, కార్బన్ మోనాక్సైడ్ సమస్య దాదాపు ఉండదు. కానీ తీగ అతిగా వేడెక్కితే ఫార్మాల్డిహైడ్ వంటివి పుడతాయి. అన్నేళ్లు పీల్చినవారింకా లేరు కాబట్టి నలభై ఏళ్ల వాడకం ఏం చేస్తుందో చెప్పే ఆధారం ఎవరి దగ్గరా లేదు.

మాన్పించడంలో ఇది పనిచేస్తుందా? ఇంగ్లండ్ ప్రభుత్వ చికిత్సా కేంద్రాల్లో 886 మందితో జరిగిన పరీక్ష ఫలితాలు 2019లో వెలువడ్డాయి. ఏడాది తర్వాత సిగరెట్టుకు దూరంగా ఉన్నవారు వేప్ వాడిన బృందంలో 18 శాతం, గమ్, పట్టీ వంటివి వాడిన బృందంలో 9.9 శాతం. రెండు బృందాలకూ కౌన్సెలింగ్ ఇచ్చారు. తర్వాతి సమీక్షలూ ఇదే దిశను బలపరిచాయి. అయితే అదే పరీక్షలో మరో అంకె ఉంది. విజయం సాధించినవారిలో వేప్ బృందంలోని 80 శాతం మంది ఏడాది తర్వాత కూడా వేప్ వాడుతూనే ఉన్నారు. రెండో బృందంలో అలా చికిత్సా సాధనాన్ని కొనసాగించినవారు 9 శాతమే. మొదటి అంకెను వేప్ అమ్మేవారు చెబుతారు, రెండోదాన్ని వ్యతిరేకించేవారు చెబుతారు. మీరు రెండూ కలిపి చదవండి.

ఈ రెండు అంకెలకూ కారణం ఒక్కటే. నికోటిన్‌ను అందించే వేగంలో వేప్ సిగరెట్టుకు దగ్గరగా ఉంటుంది, చేతికీ పెదవికీ అలవాటైన కదలికను కూడా ఇస్తుంది. సిగరెట్టు తాగే నలభై అయిదేళ్ల మనిషికి ఏ గుణం వల్ల అది ఉపకరిస్తోందో, అదే గుణం వల్ల ఏ అలవాటూ లేని పదహారేళ్ల పిల్లవాడిని పట్టుకుంటుంది. 2015లో అమెరికాలో వచ్చిన జూల్ అనే వేప్ దీన్ని కళ్లకు కట్టింది. నికోటిన్‌కు బెంజోయిక్ ఆమ్లం కలిపి ఆవిరిని మెత్తగా చేశారు. వర్జీనియా పొగాకు పొగను పీల్చదగినదిగా చేసిన సూత్రాన్నే ఇక్కడ ప్రయోగశాలలో అమలు చేశారు. అక్కడి హైస్కూలు విద్యార్థుల్లో వేప్ వాడేవారు 2017లో 11.7 శాతం ఉంటే, 2018లో 20.8 శాతమయ్యారు.

సిగరెట్టు, వేప్ రెండూ వాడేవారికి ఒక హెచ్చరిక. రోజుకు ఒక్క సిగరెట్టు తాగినా, ఇరవై తాగేవారికి పెరిగే గుండెజబ్బు ముప్పులో దాదాపు సగం ఉంటుంది. సంఖ్య తగ్గించడం మానడానికి సమానం కాదు.

7. మన దేశంలో

ఇంగ్లండ్ వేప్‌ను అనుమతించి, నికోటిన్ మోతాదుకు మిల్లీలీటరుకు 20 మి.గ్రా. పరిమితి పెట్టింది. భారతదేశం 2019 సెప్టెంబరులో ఆర్డినెన్స్‌తోనూ, డిసెంబరులో చట్టంతోనూ వీటి తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటనలను నిషేధించింది. మొదటి నేరానికి ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ. పిల్లల విషయంలో ఈ జాగ్రత్త సమంజసమే. కానీ ప్రతి కిళ్లీకొట్లో బీడీ, సిగరెట్టు దొరుకుతుండగా వాటికంటే తక్కువ హాని చేసేదాన్ని నిషేధించడంలో ఒక అసమానత ఉందన్నది నా అభిప్రాయం. నికోటిన్ ప్రత్యామ్నాయ చికిత్సను 2022లో జాతీయ అత్యవసర మందుల జాబితాలో చేర్చారు. అయినా బీడీ కట్ట కంటే గమ్ స్ట్రిప్ ధరే ఇప్పటికీ ఎక్కువ. బీడీ తాగే కూలీకి ఈ లెక్కే ముందు కనిపిస్తుంది.

దొంగతనంగా అమ్మే వేప్‌లలో ఏముందో పెట్టె మీద రాసింది నమ్మడానికి ఆధారం లేదు. 2019–20లో అమెరికాలో వేప్ వాడినవారిలో 2,800 మందికి పైగా ఊపిరితిత్తుల గాయాలతో ఆసుపత్రుల్లో చేరారు, 68 మంది చనిపోయారు. గంజాయి సారం ఉన్న ద్రవాల్లో కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్‌కు ఇందులో ప్రధాన పాత్ర ఉందని తేలింది. అలాంటి సరుకు ఎక్కువగా అనధికార మార్గాల్లో వచ్చినదే.

కాబట్టి ఇక్కడ మానదలచినవారికి చట్టబద్ధమైన దారులు గమ్, పట్టీ, వైద్యుడి సలహాపై ఇచ్చే వరెనిక్లిన్, బుప్రొపియాన్ మాత్రలు, వీటితోపాటు కౌన్సెలింగ్. జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. సిగరెట్టు పెట్టెల మీద ముద్రించే నంబరు ఇదే.

మీ అవగాహనను పరీక్షించుకోండి

అ) చుట్ట పొగను నోట్లోనే ఉంచుకునేవారికి కూడా నికోటిన్ ఎలా అందుతుంది? సిగరెట్టు పొగ విషయంలో అలా ఎందుకు జరగదు?

ఆ) ఇంగ్లండ్ పరీక్షలోని 18 శాతం, 80 శాతం అనే రెండు అంకెలనూ ఒకే కారణంతో వివరించండి.

ఇ) మీకు తెలిసినవారొకరు నిద్ర లేవగానే బీడీ వెలిగిస్తారు, గమ్ వాడి చూసి ‘పనిచేయలేదు’ అని మానేశారు. ఆయన్ను మీరు ముందుగా ఏ రెండు ప్రశ్నలు అడుగుతారు? ఎందుకు?