ఆపత్కాలమున బంగారము

మన ఇండ్లలో బంగారము కొనునపుడు తరచుగా రెండు మాటలు వినబడుచుండును. పిల్ల పెండ్లికి అని ఒకటి. కష్టకాలమున అక్కరకు వచ్చునని రెండవది. మొదటి మాటతో మనకిప్పుడు పని లేదు. రెండవ మాటను మాత్రము కొంచెము నిలిచి పరీక్షింపవలసియున్నది. ఇంటి పెద్దకు జబ్బు చేసినపుడు, పంట పోయినపుడు బంగారము ఆదుకొనుననుటలో సందేహము లేదు. ఒక ఇల్లు చెడినను ఊరిలో అంగడి ఉన్నది, బ్యాంకు ఉన్నది, కొనువాడున్నాడు. కాని దేశమంతయు ఒక్కసారిగా చెడినపుడు, నోటు చెల్లనపుడు, అంగళ్లు మూతపడినపుడు, పెట్టెలోని నగ ఎంత అన్నము పెట్టగలదు? ఈ ప్రశ్నకు ఊహతో పని లేదు. లోకములో ఇటువంటి కాలములు పలుమారులు వచ్చిపోయినవి.

మొదట జర్మనీ సంగతి చూతము. మొదటి ప్రపంచ యుద్ధమునకు ముందు ఒక అమెరికా డాలరునకు 4.2 మార్కులు వచ్చుచుండెను. 1923 నవంబరు నాటికి అదే డాలరునకు 4.2 లక్షల కోట్ల మార్కులు! అంకె అదే, దాని ప్రక్కన పన్నెండు సున్నలు చేరినవి. యుద్ధ వ్యయమును పన్నులతో గాక అప్పులతో నడుపుట, యుద్ధానంతరము విధింపబడిన పరిహారము, 1923 జనవరిలో ఫ్రాన్సు, బెల్జియము సేనలు రూర్ గనుల ప్రాంతమును ఆక్రమించినపుడు అచటి పనివారు పని మానగా వారికి జీతములిచ్చుటకు ప్రభుత్వము నోట్లను అచ్చువేయుట, ఇవన్నియు కలిసి తెచ్చిన దుస్థితి అది. బెర్లినులో ఒక రొట్టె వెల సుమారు 20,000 కోట్ల మార్కులకు చేరినది. జీవితమంతయు బ్యాంకులో కూడబెట్టుకొన్న గుమాస్తాలు, పింఛనులపై బ్రతుకు వృద్ధులు బికారులైనారు. ఆ నోట్ల వరదలో పాత 20 మార్కుల బంగారు నాణెము మాత్రము మునుగలేదు. నాణెములు దాచుకొన్న కుటుంబము వరద తీసిన పిమ్మట తన ఆస్తిలో కొంతయైనను చేతిలో ఉంచుకొని గట్టెక్కినది.

ఇంతవరకు విన్నవారు బంగారమే గెలిచినదందురు. నిజమే, అయితే ఆ వరద నడుమ జరిగినదేమి? పల్లెటూరి రైతు కాగితపు నోటు తీసికొనుటకు నిరాకరించినాడు. పట్టణవాసులు గడియారములు, నగలు, దుప్పట్లు, తుదకు పియానోలు సైతము మోసికొని ఉర్లగడ్డల కొరకు పల్లెలకు పోయినారు. అచట ధర చెప్పువాడు ఉంగరము గలవాడు కాడు, గడ్డలు గలవాడు. ఇంకొక విశేషము కూడ కలదు. 1923 నవంబరు 15వ తేదీన విడుదలయై ఆ దేశమును నిలబెట్టిన రెంటెన్‌మార్కు అను క్రొత్త నాణ్యమునకు ఆధారము బంగారము కాదు. కావలసినంత బంగారము ప్రభుత్వము వద్ద లేదు. భూమిపైనను, పరిశ్రమలపైనను తాకట్టు చూపి, విలువను బంగారు మార్కులలో లెక్కగట్టి, నోట్ల సంఖ్యకు గట్టి హద్దు విధించినారు. బంగారము అక్కడ కొలబద్దగా పని చేసినదే గాని సరుకుగా కాదు.

జర్మనీలో డబ్బు చచ్చినది గాని పొలములు పండుచునే ఉన్నవి. తిండియే లేనపుడు పరిస్థితి వేరు. 1941 సెప్టెంబరులో జర్మను సేనలు లెనిన్‌గ్రాడ్ నగరమును చుట్టుముట్టినవి. ముట్టడి 1944 జనవరి వరకు సాగినది. 1941 నవంబరు 20 నుండి డిసెంబరు 25 వరకు పనివానికి రోజుకు 250 గ్రాముల రొట్టె, ఇతరులకు 125 గ్రాములు మాత్రమే ఇచ్చినారు. ఆ రొట్టెలో పిండితో పాటు ఇతర పదార్థములు కూడ కలిసియుండెను. అట్టి చలికాలమున పెండ్లి ఉంగరములు, బంగారు గడియారములు రొట్టె ముక్కలకు మారినవి. బంగారమునకు విలువ పోయినదని చెప్పరాదు. తీసికొన్నవాడు యుద్ధము ముగియునని ఎరిగియే తీసికొన్నాడు. దాని విలువ రేపటిది; ఆకలి నేటిది. ఆ రెంటి నడుమనున్న దూరమును రొట్టె గలవాడు తన లాభముగా చేసికొన్నాడు.

ఇంత దూరము పోనక్కరలేదు. మన రాయలసీమలో ధాత కరువని నేటికిని చెప్పుకొను 1876-78 నాటి క్షామమును తలచుకొనుడు. కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు మిక్కిలి దెబ్బతిన్నవి. అప్పటి పేద ఇంటి నిల్వధనము బంగారము కాదు, వెండి: కడియములు, మురుగులు, మొలత్రాడు. 1893 వరకు ఎవరైనను వెండిని ప్రభుత్వ టంకశాలకు ఇచ్చి రూపాయలు పోయించుకొనుటకు వీలుండెను. ఆ కరువు దినములలో బొంబాయి టంకశాలకు పాత నగల రాక పెరిగినది. చూడగా వెండికి రూపాయలలో విలువ తగ్గలేదు. అయితే రూపాయికి వచ్చు జొన్నల కొలత కుంచించుకొని పోయినది. పైగా పల్లెలోని కూలివాడు టంకశాలకు పోలేడు. సాహుకారు వద్దకు పోవలెను. ఊరందరును ఒకే వారములో కడియములు తీసి నిలబడినపుడు, కొనువాడొక్కడే అయినపుడు, ధాన్యపు కొట్టు కూడ ఆతనిదే అయినపుడు, త్రాసు ఎటు మొగ్గునో చెప్పనక్కరలేదు. నా మట్టుకు బంగారమును గూర్చిన పెక్కు వాదములలో మరచిపోవు విషయము ఇదే. నగ విలువను లోహము ఒక్కటియే నిర్ణయింపదు. అదే దినమున ఎందరు అమ్మజూపుచున్నారనునది కూడ నిర్ణయించును.

ప్రభుత్వముల మాట వేరొకటి. 1933 ఏప్రిలులో అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్టు ప్రజల వద్దనున్న బంగారు నాణెములను, కడ్డీలను ఔన్సుకు 20.67 డాలర్ల చొప్పున అప్పగింపవలెనని ఉత్తర్వు చేసినాడు. 1934 జనవరిలో అదే ఔన్సు వెల 35 డాలర్లుగా నిర్ణయింపబడినది. మన దేశమున 1963 జనవరిలో బంగారపు నియంత్రణ వచ్చినది. క్రొత్త నగలు 14 కారట్లకు మించరాదన్నారు. కంసాలి కుటుంబములు ఎన్నియో వీధిన పడినవి. 1968 నాటి చట్టము కడ్డీలు దాచుకొనుటను నిషేధించి, 1990లో రద్దగువరకు నిలిచినది. బర్మాలో 1964లో సైనిక ప్రభుత్వము దుకాణములను జాతీయము చేసి, మే నెలలో 50, 100 చాట్ల నోట్లను చెల్లనివిగా ప్రకటించినది. అచటి నుండి ఓడలెక్కి విశాఖపట్టణమునకు మరలివచ్చిన తెలుగువారి నగలకు రేవులోనే హద్దులు విధించినారు. విశాఖలోని బర్మా క్యాంపు ఆ కుటుంబముల పునరావాసముతో ఏర్పడినదే. నోట్లు చెల్లని దేశమున బంగారమే దిక్కనుకొన్నవారికి ఆ బంగారమును దాటించు త్రోవయే మూతపడినది.

త్రోవ తెరచియున్నచోట కథ మారును. 1978, 79 సంవత్సరములలో వియత్నాము నుండి పడవలపై పారిపోయినవారు పడవ యజమానులకు, అధికారులకు బంగారపు రేకులతోనే మూల్యము చెల్లించినారు. మన దేశమే 1991 జులైలో విదేశీ చెల్లింపులకు సొమ్ము చాలక రిజర్వు బ్యాంకు బంగారము సుమారు 47 టన్నులు ఇంగ్లండు, జపాను కేంద్ర బ్యాంకుల వద్ద కుదువబెట్టి, సుమారు 40 కోట్ల డాలర్లు తెచ్చుకొన్నది. ఇక్కడ చెడినది మన ఖజానా. లండను, టోక్యో అంగళ్లు సుఖముగా నడచుచునే ఉన్నవి. తన చుట్టునున్న ప్రపంచము కూలినను, వేరొక చోట, వేరొక కాలమున ప్రపంచము నిలిచియున్నచో, బంగారము అచటికి విలువను మోసికొనిపోగలదు. కూలిన చోటనే కూర్చున్నవానికి అది చేయు సహాయము స్వల్పము. మోయుటయందు సైతము ఆలస్యము కలదు: 1980 జనవరిలో ఔన్సు 850 డాలర్లకు కొన్నవాడు ఆ ధర మరల చూచుటకు 2008 జనవరి వరకు కాచుకొనవలసి వచ్చినది.

అందుచేత ఇంట బంగారము ఉండరాదని నేను చెప్పబోవుట లేదు. ఎట్టి బంగారమన్నది అడుగుచున్నాను. 2008లో జింబాబ్వే దేశపు నోటు పూర్తిగా పతనమైన దినములలో గ్రామీణులు ఏటి ఇసుకలో బంగారపు రజను జల్లించి, గ్రాములో చిన్న అంశము తూచి ఇచ్చి, ఆనాటి తిండి కొనుక్కొన్నారు. వారికి పనికివచ్చినది కడ్డీ కాదు, నలుసు. మన వడ్డాణము ఇట్టి వేళ చిక్కు తెచ్చును. వారము దినముల బియ్యమునకై దానిని కోయరాదు, కోసినచో పనితనమునకు పెట్టిన మజూరి అంతయు గంగలో కలియును. ముద్ర ఉన్నను పరాయివాడు నమ్మక గీటురాయి అడుగును, తరుగు తీయును. కాసులపేరు అట్లు కాదు. మన అవ్వలు దానిని ఏ ఉద్దేశముతో చేయించుకొన్నను, అవసరము వచ్చిన దినమున దారము విప్పి ఒక్క కాసు తీసి, మిగిలినవానిని మరల గ్రుచ్చి మెడలో వేసికొనవచ్చును.